రంగం వెళ్ళిన పెద్దల జాడ తీసే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళలో వంశం గురించి అడిగితే చాలా ఇళ్ళలో ఒక శాఖ దగ్గర కథ ఆగిపోతుంది. ‘ఆయన రంగం వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు’ అన్న ఒక్క మాటతో ఆ కొమ్మ ముగుస్తుంది. రంగూన్ పట్నాన్నే కాక బర్మా దేశాన్నంతటినీ మన పెద్దలు రంగం అనే పిలిచారు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి పంట కోతలకు, బియ్యపు మిల్లులకు, రేవు పనులకు వెళ్ళినవాళ్ళలో కొందరు కొన్నాళ్ళకు తిరిగి వచ్చారు, కొందరు అక్కడే స్థిరపడ్డారు, కొందరు 1942లో కాలినడకన స్వదేశానికి బయలుదేరి దారిలోనే పోయారు. వాళ్ళ వివరాలు ఎలా వెతకాలో, ఏ కాగితం ఎక్కడ దొరికే అవకాశం ఉందో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలో ఇక్కడ వివరిస్తున్నాను. దక్షిణాఫ్రికాలోని నెటాల్, మారిషస్, ఫిజీ వెళ్ళిన కుటుంబాలకు కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

ముత్తాత పేరు రాసి ఉన్న ప్రయాణికుల జాబితా కోసం వెతకడంతో పని మొదలుపెట్టవద్దని నా మొదటి సలహా. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. కళింగపట్నం నుంచి రంగూన్ వెళ్ళడం చట్టం దృష్టిలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్ళడమే కాబట్టి పాస్‌పోర్టు అవసరం లేదు. విదేశాలకు వెళ్ళే కూలీల పేర్లు నమోదు చేయించే చట్టాలూ వాళ్ళకు వర్తించలేదు. నెటాల్ సంగతి వేరు. 1860 నుంచి 1911 వరకు అక్కడికి ఒప్పందం మీద వెళ్ళిన కూలీల పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులతో సహా ఓడ జాబితాలకెక్కాయి. అందువల్ల 1885లో నెటాల్ వెళ్ళినవాడి జాడ 1925లో రంగూన్ వెళ్ళినవాడి జాడ కంటే సులువుగా దొరకవచ్చు. జనాభా లెక్కలూ మనకు అక్కరకు రావు. బ్రిటిష్ కాలపు జనగణనలో ఇంటింటా రాసుకున్న చీటీలను లెక్కలు తేల్చాక భద్రపరచలేదు; అచ్చయిన అంకెలు మాత్రమే మిగిలాయి.

ఇలాంటి లోటుతోనే దశాబ్దాలుగా పని చేస్తున్నవాళ్ళు ఐర్లండ్ వంశ పరిశోధకులు. 1922 జూన్ 30న, అక్కడ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుకు, మంటలకు నాశనమైంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల పత్రాలు దాదాపు పూర్తిగా అందులో కాలిపోయాయి. 1861, 1871 పత్రాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. 1922కు ముందు జరిగినవాటిలో ఇంటింటి వివరాలతో పూర్తిగా మిగిలినవి 1901, 1911 జనగణనలే. అయినా అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న వాళ్ళ సంతతి తమ మూలగ్రామాన్ని పట్టుకోగలుగుతున్నారు. ముందుగా వలస వెళ్ళిన దేశంలోని సమాధి రాళ్ళు, చర్చి పుస్తకాలు, పౌరసత్వ పత్రాలు చూసి ఊరి పేరు తేల్చుకుంటారు. తరువాత, మనుషుల లెక్క పోయిన చోట భూమి లెక్కను ఆశ్రయిస్తారు. 1847–1864 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే ఆస్తి పన్ను మదింపు, 1823–1837 మధ్య చర్చికి చెల్లించవలసిన పన్ను కోసం తయారైన చిట్టాలు వాళ్ళకు జనగణన స్థానంలో నిలిచాయి. అక్కడితో ఆగక, వెతికే మనిషి ఇరుగుపొరుగును, అతని దస్తావేజుల మీద సాక్షులను, అతనితో కలిసి ఓడెక్కినవాళ్ళను కూడా వెతుకుతారు. ఈ చివరి పద్ధతి మనకు వాళ్ళకంటే ఎక్కువ పనికివస్తుంది. ఎందుకంటే రంగం వెళ్ళినవాడు చాలా సందర్భాల్లో ఒంటరిగా వెళ్ళలేదు. కూలీలను కూడగట్టి తీసుకువెళ్ళే మేస్త్రీ కట్టిన జట్టుతో, అదే ఊరివాళ్ళతో, పొరుగూరి వాళ్ళతో కలిసి వెళ్ళాడు. ఒక్కడి గురించి కాగితం లేకపోయినా జట్టులో ఎవరో ఒకరి గురించి ఉంటుంది.

ముందు ఇల్లు, ఆ తరువాతే ఆఫీసులు

ఇంట్లో బతికి ఉన్న పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది, తొంభై ఏళ్ళ మామ్మ జ్ఞాపకం ఆగకపోవచ్చు. వెళ్ళినప్పుడు ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే సాధారణంగా జవాబు రాదు, వచ్చినా అది ఊహే. ‘తాతా, మీ నాన్నగారు వెళ్ళేటప్పటికి మీ అప్పకు పెళ్ళయిందా? మేస్త్రీది ఏ ఊరు? ఆయనతో కలిసి మన వీధిలోంచి ఇంకెవరు వెళ్ళారు? ఏ రేవులో ఎక్కారు? డబ్బు ఎవరి పేరు మీద పంపేవారు?’ అని అడగండి. ప్రతి పేరుకూ ఇంటిపేరు, ఊరు, వాళ్ళ పిల్లలు ఇప్పుడెక్కడున్నారన్నది రాసుకోండి. అనుమతి తీసుకుని ఫోన్లో మాటలు రికార్డు చేసుకుంటే మంచిది, ఎందుకంటే మొదటిసారి విన్నప్పుడు పట్టించుకోని ఒక పేరు తరువాత దస్తావేజులో సాక్షిగా కనిపించి తాళం తీస్తుంది. అత్తవారింటికి వెళ్ళిపోయిన ఆడపడుచులను తప్పకుండా అడగాలి. పుట్టింటి సంగతులు వాళ్ళకు చాలాసార్లు మగవాళ్ళకంటే బాగా గుర్తుంటాయి, కానీ వంశవృక్షం రాసేవాళ్ళు వాళ్ళ గడప తొక్కడం తక్కువ.

జ్ఞాపకానికి తేదీ కట్టడానికి పెద్ద సంఘటనలు పనికివస్తాయి. 1930 మే నెలలో రంగూన్ రేవు పనుల విషయంలో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య జరిగిన అల్లర్లు, 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద పడిన జపాన్ బాంబులు, 1942 మొదటి నెలల్లో సాగిన కాలినడక ప్రయాణం, 1962లో సైనిక పాలన రాక, 1964లో అక్కడి దుకాణాల జాతీయకరణ: వీటిలో దేనికి ముందు, దేనికి తరువాత అని అడిగితే వృద్ధులు కచ్చితంగా చెప్పగలుగుతారు. కాలినడకన వచ్చినవాళ్ళ కుటుంబమైతే, తౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా వచ్చారా, మణిపూర్ కొండల మీదుగా వచ్చారా అన్నది కూడా అడగాలి. ఒకే దారిన వచ్చిన ఊరివాళ్ళ కుటుంబాల్లో ఒకే కథకు రెండో సాక్ష్యం దొరుకుతుంది.

ఇంట్లో దొరికే వస్తువుల్లో మొదట చూడవలసినవి మనియార్డరు రసీదులు, పాత ఉత్తరాల కవర్లు, ఫోటోల వెనుక స్టూడియో ముద్రలు, శుభలేఖలు, జాతకాలు, ప్రామిసరీ నోట్లు. ఇత్తడి బిందెల మీద, కంచాల మీద చెక్కించిన పేర్లు, తేదీలు ఎవరూ పట్టించుకోని ఆధారాలు. అటకమీద ఉన్న సామాను దింపించి చూడండి. తేదీలు సంవత్సర నామాల్లో ఉంటే జాగ్రత్త అవసరం. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. యువ నామ సంవత్సరం 1875–76లో ఒకసారి, 1935–36లో మరోసారి వచ్చింది. తాత జాతకాన్ని ముత్తాతదిగా పొరబడితే ఒక తరమే మాయమవుతుంది. పట్టాల్లో, శిస్తు రసీదుల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది; దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు. ‘ధాత కరువు’ అన్న మాట పెద్దవాళ్ళ నోట వస్తే అది 1876లో మొదలైన మద్రాసు మహాక్షామం, ఆ ఏడాది పేరు ధాతు.

ఊరు ఏ జిల్లాలో ఉండేది

నాకు తెలిసినంతలో ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి; పార్వతీపురం మన్యం జిల్లా 2022లో వచ్చింది. అంతకుముందు కాగితాల్లో ఈ పేర్లతో జిల్లాలుండవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోవి. ఇప్పటి గంజాం జిల్లా ఒడిశాలో ఉంది కాబట్టి, డర్బన్ నుంచి రాసే మనవడు తన కాగితంలో ‘గంజాం’ అని చూసి బరంపురం చుట్టూ వెతుకుతుంటాడు. అతని ఊరు నిజానికి నరసన్నపేట పక్కన ఉండవచ్చు. పర్లాకిమిడి జమీందారీ గ్రామాల్లో కొన్ని ఇటు, కొన్ని అటు అయ్యాయి. అలాంటి ఊళ్ళవాళ్ళు రెండు రాష్ట్రాల ఆఫీసులూ చూడక తప్పదు.

పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం ‘చికకోల్’, భీమునిపట్నం ‘బిమ్లీపటం’, విశాఖపట్నం ‘విజగపటం’. చిన్న ఊళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ‘పేట’, ‘వలస’, ‘పురం’, ‘పాడు’ వంటి చివరి భాగాన్ని పక్కన పెట్టి మొదటి రెండు అక్షరాలను బిగ్గరగా పలికి చూడండి, తరువాత ఆ తాలూకాలోని ఊళ్ళ జాబితాలో పోల్చండి. ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్ళుంటే తాలూకా పేరే నిర్ణయిస్తుంది. ‘మద్రాసు’ అని మాత్రమే ఉంటే అది ఓడెక్కిన రేవు పేరు కావచ్చు, సొంత ఊరి పేరని అనుకోవద్దు.

పేర్లు కూడా ప్రాంతం చెబుతాయి. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం అన్నవి సింహాచలేశుని పేర్లు. పైడయ్య, పైడిరాజు, పైడితల్లి అన్నవి విజయనగరం పైడితల్లమ్మ చుట్టుపక్కల ఎక్కువ. కూర్మయ్య, కూర్మారావు అంటే శ్రీకూర్మం, ముఖలింగం అంటే శ్రీముఖలింగం వైపు చూడాలి. ఇవి రుజువులు కావు, వెతకవలసిన దిక్కును సూచిస్తాయి. విదేశీ జాబితాల్లో ఇంటిపేరు సాధారణంగా ఉండదు; మనిషి పేరు, తండ్రి పేరు, కులం మాత్రమే ఉంటాయి. నెటాల్‌లో నాయుడు అన్న గౌరవపదమే చాలా కుటుంబాలకు ఇంటిపేరుగా స్థిరపడింది, కనుక అక్కడి ‘నాయుడూ’లందరినీ ఒక వంశంగా కలపకూడదు. అసలు ఇంటిపేరును పెళ్ళి సంబంధాల కోసం నోటిమాటగా గుర్తుపెట్టుకున్న కుటుంబాలుంటాయి. అది తెలిస్తే పని సగం అయినట్టే.

భూమి కాగితాలు

మనిషి వెళ్ళిపోయినా భూమి ఊళ్ళోనే ఉంది, దాని మీద శిస్తు ఎవరో ఒకరు కట్టారు. అందుకే నా దృష్టిలో రంగం కుటుంబాలకు అన్నిటికంటే విలువైన ఆధారం రెవెన్యూ రికార్డు. సెంటు భూమి లేని కూలీ కుటుంబాలకు ఇది అంతగా ఉపయోగపడకపోవచ్చు గాని, ఇంటి స్థలం, ఇనాం చెక్క, కౌలు, సాక్షి సంతకం ఏదో ఒక రూపంలో పేరు తగిలే అవకాశం వాళ్ళకూ ఉంది.

మన రెండు జిల్లాల్లో పెద్ద భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస వంటి జమీందారీల కింద ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ గ్రామాలు రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైతువారీ పద్ధతిలోకి వచ్చాయి. అప్పటి సెటిల్‌మెంటులో తయారైన రికార్డును రెవెన్యూ ఆఫీసుల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు, అంటే సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్. అంతకుముందే ప్రభుత్వ గ్రామాలుగా ఉన్న చోట ఆర్‌ఎస్‌ఆర్ లేదా డైగ్లాట్ అని పిలిచే రిజిస్టరు ఉంటుంది. వీటిలో ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరు, చాలా చోట్ల తండ్రి పేరు ఉంటాయి. మీ కుటుంబం ఇప్పుడు సాగు చేస్తున్న భూమి సర్వే నంబరు తీసుకుని, మీభూమి వెబ్‌సైటులో కనిపించే ఇప్పటి 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు లెక్క) నుంచి వెనక్కు నడుస్తూ ఆ పాత రికార్డు దాకా వెళ్ళాలి. నకలు కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తులో ‘మా పూర్వీకుల వివరాలు కావాలి’ అని రాస్తే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. గ్రామం, పాత తాలూకా, సర్వే నంబరు, రికార్డు పేరు రాసి ‘ఈ పేజీ ధ్రువీకృత నకలు ఇప్పించగలరు’ అని అడగాలి.

నకలు చేతికొచ్చాక మీ నంబరు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. చుట్టూ ఉన్న సర్వే నంబర్ల పట్టాదారులందరి పేర్లూ రాసుకోండి. అన్నదమ్ములు పంచుకున్న భూములు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకే ఇంటిపేరున్న పక్క గట్టువాడు ఇవాళ మీకు పరాయివాడే కావచ్చు, రెండు తరాల వెనక ఇద్దరిదీ ఒకే ఇల్లై ఉండవచ్చు. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క వేరే ఇంటిపేరుతో మధ్యలో కనిపిస్తుంది. ఆ ఇంటిపేరు మీ ఇంటి ఆడపడుచు అత్తవారిది. గుడి సేవకు, వృత్తి సేవకు ఇచ్చిన భూములైతే 1858 తరువాత ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లు మరో వంద సంవత్సరాలు వెనక్కు తీసుకువెళతాయి. వాటిలో అప్పటి ఇనాందారుతో పాటు కుటుంబ వివరాలూ కనిపిస్తాయి.

గ్రామ కరణాల దగ్గర ఉండిన పాత పుస్తకాల గురించి ఒక మాట. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయినప్పుడు ఆ పుస్తకాలన్నీ ప్రభుత్వానికి చేరి ఉండాలి. కొన్ని కరణం గారి ఇంటి అటకమీదే మిగిలిపోయిన సందర్భాలూ లేకపోలేదు. ఆ కుటుంబం వాళ్ళను మర్యాదగా అడిగి, పుస్తకం అక్కడే ఉంచి ఫోటోలు తీసుకోండి.

సబ్ రిజిస్ట్రారు, కోర్టు, బడి

రంగం ప్రయాణానికి అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చేవాడు. లేదా ఇంట్లో ఉన్న అర ఎకరం తనఖా పెట్టేవారు. నాలుగేళ్ళకు డబ్బు వస్తే ఆ తనఖా చెల్లు రాయించి, కలిసొస్తే ఇంకో చెక్క కొనేవారు. ఈ మూడు దస్తావేజులూ ఒక వరుసలో దొరికితే వెళ్ళిన సంవత్సరం, వచ్చిన సంవత్సరం దాదాపు తేలిపోతాయి. మన దేశంలో దస్తావేజుల రిజిస్ట్రేషన్ ఇప్పటి పద్ధతిలో 1865లో మొదలైంది కాబట్టి రంగం వలస కాలం దాదాపు అంతా ఇందులోకి వస్తుంది. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చునని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఒక సూచిక మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తి వివరాలతో ఉంటుంది. ఇంటర్నెట్లో వచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) ఇటీవలి దశాబ్దాలది మాత్రమే. అంతకుముందు కాలానికి ఆఫీసులో చేతితో రాసిన సూచికలు చూడవలసిందే. పేర్ల సూచికలో పెద్దాయన పేరు లేకపోతే ఆయన అన్నదమ్ముల పేర్లు, మేస్త్రీ పేరు, ఊళ్ళో అప్పులిచ్చే షావుకారు పేరు చూడండి. షావుకారు పేరు కింద ఊరి సగం కనిపిస్తుంది.

కోర్టు కాగితాలు దొరకడం కష్టం, కానీ దొరికితే అంతకుమించిన ఆధారం లేదు. పంపకాల దావాలో వాది తన వంశవృక్షాన్ని స్వయంగా గీసి దాఖలు చేస్తాడు. ప్రతివాది దాన్ని కాదంటే సాక్షులు వచ్చి ఎవరు ఎవరి కొడుకో ప్రమాణం చేసి చెబుతారు. ఏడేళ్ళపాటు కబురు లేని మనిషిని చనిపోయినట్టుగా భావించవచ్చునన్న నియమం సాక్ష్య చట్టంలో ఉంది కనుక, రంగం వెళ్ళి తిరిగిరాని వాటాదారు ఎప్పుడు వెళ్ళాడు, చివరి ఉత్తరం ఎప్పుడు వచ్చింది అన్న చర్చ అలాంటి దావాల్లో రావడం సహజం. ఇంట్లో పాత వకీలు నోటీసు, తీర్పు నకలు ఉందేమో ముందు వెతకండి. దావా నంబరు, సంవత్సరం, కోర్టు పేరు లేకుండా రికార్డు గది నుంచి ఏదీ బయటకు రాదు.

జనన మరణ రిజిస్టర్లు మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం నాటి నుంచి క్రమంగా పల్లెలకు చేరాయి. పుట్టిన బిడ్డకు అప్పటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి ‘ఫలానావారి మగ బిడ్డ’ అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరుతోనే వెతకాలి. రంగంలో పోయినవాడి మరణం ఇక్కడి పుస్తకంలో ఉండదు. ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు చాలామంది మరచిపోయే ఆధారం. తండ్రి బర్మాలో ఉంటే సంరక్షకుడి గడిలో మేనమామ పేరో, తాత పేరో ఉంటుంది.

కడలికి అవతల

నెటాల్ ఓడ జాబితాలు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. డర్బన్‌లోని క్వాజులు-నెటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ కేంద్రం వాటి మీద పని చేసింది. ప్రతి కూలీకి ఇచ్చిన వలస నంబరు అక్కడ కీలకం. పెళ్ళి, జననం వంటి తరువాతి కాగితాల్లోనూ ఆ నంబరే కనిపిస్తుంది కనుక, అక్కడి బంధువుల దగ్గర ఏ పాత కాగితం ఉన్నా ముందు నంబరు ఉందేమో చూడమనాలి. మారిషస్ వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కొందరివి ఫోటోలు కూడా మిగిలాయి. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు కూలీలు వెళ్ళగా, మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అక్కడి వలస పాసుల్లో ఊరు, తాలూకాతో పాటు దగ్గరి బంధువు పేరు కూడా ఉంటుంది. ఇండియా వైపు ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జాతీయ ఆర్కైవ్స్ వాటిలో చాలా భాగాన్ని అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఉచితంగా చూడనిస్తోంది. వాటిలో ఒక కూలీ పేరు కనిపించడం అరుదు, కాని మీ పెద్దాయన వెళ్ళిన కాలంలో ఏ రేవు నుంచి, ఏ షరతుల మీద, ఏ పనులకు తీసుకువెళ్ళారో తెలుస్తుంది.

చందా కట్టించుకునే విదేశీ వంశవృక్ష వెబ్‌సైట్లకు తొందరపడి డబ్బు చెల్లించవద్దు. వాటిలోని ఇండియా పుస్తకాలు ప్రధానంగా బ్రిటిష్ అధికారుల, యూరోపియన్ క్రైస్తవుల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులవి. మీ కుటుంబం క్రైస్తవ కుటుంబమైతే మాత్రం మన ప్రాంతంలో పని చేసిన లండన్ మిషన్, కెనడియన్ బాప్టిస్టు మిషన్, విశాఖపట్నం కేంద్రంగా 1846 నుంచి ఉన్న కాథలిక్ మిషన్ చర్చిల పుస్తకాలను స్థానిక చర్చిలోనే అడగండి.

బర్మా విషయంలో 1947 తరువాతి కాలం కొంత నయం. ఆ ఏడాది బర్మా వలస నియంత్రణ చట్టం తెచ్చింది. పర్మిట్లు, విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు తప్పనిసరయ్యాయి. మన రాజ్యాంగం 8వ అధికరణం కింద అక్కడి భారత రాయబార కార్యాలయంలో పౌరులుగా నమోదైనవాళ్ళూ ఉన్నారు. 1960లలో తిరిగి వచ్చినవాళ్ళు ఈ కాగితాలను ప్రాణంలా దాచుకుని తెచ్చుకున్నారు, ఎందుకంటే పునరావాసపు లోనుకు, ఇంటి స్థలానికి అవే ఆధారం. తిరిగి వచ్చినవాళ్ళు స్థిరపడిన బర్మా కాలనీల్లో అడగండి. బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసం 1969లో ఏర్పడిన రెప్కో బ్యాంకు సభ్యత్వ పత్రం ఇంట్లో ఉంటే అది కూడా ఒక సూచన.

కాగితం అసలు లేని చోట యాత్రా స్థలాలు మిగులుతాయి. కాశీ, గయ, పూరీ పండాలు ప్రాంతాల వారీగా యాత్రికుల పేర్లు, తండ్రి తాతల పేర్లు రాసుకున్న పుస్తకాలు ఉంచుతారు. రంగం డబ్బుతో కాశీయాత్ర చేసివచ్చామని ఇంట్లో చెప్పుకుంటే, మన ప్రాంతపు పండా ఎవరో కనుక్కుని వెళ్ళడం వృథా కాదు.

కలిపి చూడడం

ఒక ఉదాహరణ అనుకుందాం. నరసన్నపేట దగ్గర ఒక ఊరి నుంచి అప్పన్న అనే ఆయన యుద్ధానికి ముందు రంగం వెళ్ళాడని ఇంటిమాట. ఊళ్ళో అప్పన్నలు ముగ్గురున్నారు. ఎస్‌ఎఫ్‌ఏలో ఒక అప్పన్న పేరు తండ్రి పేరుతో ఉంది, కాని అది ఆయనేనా? సబ్ రిజిస్ట్రారు సూచికలో 1934లో ఆ సర్వే నంబరును తనఖా పెట్టిన దస్తావేజు దొరికింది. సాక్షి సంతకం చేసినవాడు మామ్మ చెప్పిన మేస్త్రీ. అప్పుడు మాత్రమే ఈ అప్పన్న ఆ అప్పన్నే అనవచ్చు. పేరు ఒక్కటే కలిస్తే సరిపోదు. పేరుతో పాటు తండ్రి, భూమి, సాక్షి వంటి విడి ఆధారాల్లో కనీసం రెండు కలవాలి. ఇంటిపేరు, గోత్రం కలవడాన్ని ఈ లెక్కలో చేర్చవద్దు, ఎందుకంటే ఊళ్ళో సగం మందికి అవి ఒకటే. డీఎన్‌ఏ పరీక్ష గురించి అడుగుతుంటారు; మేనరికాలు తరతరాలుగా సాగిన చోట దూరపు బంధువు కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు గనుక, కాగితానికి తోడుగా తప్ప దాన్ని ఒంటరిగా నమ్మలేము.

రాసిపెట్టేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: ఎవరు చెప్పారు, ఏ రోజు, ఏ ఆఫీసు, ఏ పుస్తకం, ఏ పేజీ. ఊహ అయితే ఊహ అని రాయండి. వెతికి దొరకని చోట్లు కూడా రాసుకుంటే, మీ తరువాత ఈ పని చేపట్టేవాళ్ళు అదే అల్మరా మళ్ళీ తెరవరు.

వెతుకుతూ పోతే కొన్ని ఇళ్ళలో దాచిన సంగతులు బయటపడతాయి. అక్కడ బర్మా స్త్రీతో రెండో సంసారం ఉండడం, ఇక్కడి భార్య బతికుండగానే ఆయన చనిపోయాడని రాయించి భూమి పంచుకోవడం, కులం గడిలో ఇప్పుడు చెప్పుకునేదానికి భిన్నమైన పేరుండడం. వీటిని ఆ ఇంటి పెద్దలతో విడిగా, నెమ్మదిగా మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపులో కాగితం ఫోటో పెట్టడం క్రూరత్వం. బతికి ఉన్నవాళ్ళ పుట్టిన తేదీలు, చిరునామాలు ఎవరి అనుమతీ లేకుండా పంచుకోకూడదు.

విదేశంలో ఉన్న శాఖవారికి మొదటి ఉత్తరం రాసేటప్పుడు ఒక పేజీ చాలు. ఇంటిపేరు, ఊరు, పాత తాలూకా, వెళ్ళిన మనిషి పేరు, తండ్రి పేరు, అన్నదమ్ముల పేర్లు, ఆయనతో వెళ్ళినవాళ్ళ పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, మీకు ఆస్తి గురించిన ఉద్దేశం ఏదీ లేదని మొదటి వాక్యంలోనే చెప్పండి. వాళ్ళు ఒప్పందపు కూలీల సంతతి అయితే వలస నంబరు, ఓడ పేరు, చేరిన తేదీ అడగండి. బర్మా నుంచి వెళ్ళినవాళ్ళయితే ఆయన పని చేసిన మిల్లు లేదా పేట పేరు, అక్కడ పుట్టిన పిల్లల పేర్లు అడగండి. జవాబు వచ్చేలోపు ఇక్కడి గట్టు పక్క పట్టాదారుల పేర్లు రాసే పని కొనసాగించవచ్చు.